కుక్కతో తీరం వెంట: భీమిలి వైపా, కోనసీమ వైపా?

మా కుక్క పేరు చిన్ని, నాటు కుక్క, ఐదేళ్లది. దానికి కారెక్కడమంటే ప్రాణం. కుక్కని వెంటేసుకుని సముద్రం పక్క ఊళ్లు తాపీగా చూసుకుంటూ పోదామనుకుంటే మన తీరంలో నాకు తెలిసి మంచి దారులు రెండు. విశాఖ నుంచి భీమిలి, కళింగపట్నం మీదుగా బారువ దాకా ఒకటి, కాకినాడ నుంచి యానాం, అమలాపురం, నరసాపురం, బందరు మీదుగా చీరాల దాకా ఇంకోటి. రెండూ శీతాకాలంలోనే తిరిగాం. మన కోసం అయితే కోనసీమ, కుక్క కోసం అయితే మాత్రం ఉత్తరం వైపే నా ఓటు.

విశాఖ నుంచి భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు బీచ్ రోడ్డు, కుడిచేతి వైపు సముద్రమే. రుషికొండ దగ్గర శని, ఆదివారాల్లో జనం కిక్కిరిసి ఉంటారు, అక్కడ దింపొద్దు. భీమిలి దాటాక గోస్తనీ, చంపావతి, నాగావళి, వంశధార ఒకదాని తర్వాత ఒకటి అడ్డొస్తాయి కాబట్టి రోడ్డు తీరం వెంటే సాగదు, ప్రతిసారీ 16వ నంబరు హైవే ఎక్కి మళ్లీ దిగాలి. మొదట విసుగనిపించింది గానీ కుక్కకి అదే కలిసొచ్చింది: హైవే మీద గంటసేపు ఆదమరిచి నిద్రపోతుంది, దిగగానే ఇసుక.

కళింగపట్నంలో సాయంత్రం ఐదింటికి దిగాం. లైట్‌హౌస్ వైపు నుంచి గాలి కొడుతోంది, ఒడ్డున పెద్దగా ఎవరూ లేరు. చిన్ని ముందు అల దగ్గరికెళ్లి ముక్కు ముంచింది, తుమ్మింది, వెనక్కి పరిగెత్తుకొచ్చి నా కాళ్ల మధ్య దూరింది, మళ్లీ వెళ్లింది. అలా ఇరవై సార్లు వెళ్లి ఉంటుంది. ఇక్కడో జాగ్రత్త: ఉప్పునీళ్లు తాగితే రాత్రికి వాంతులే, అందుకే మంచినీళ్ల గిన్నె ఎప్పుడూ చేతిలోనే ఉంచుకున్నాను. ఎండబెట్టిన చేపల దగ్గరికి అస్సలు పోనివ్వొద్దు, అది మత్స్యకారుల కష్టం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, కుక్కలు వాసన పట్టి తవ్వేస్తాయి, కాబట్టి ఆ నెలల్లో ఎంత ఖాళీ బీచ్ అయినా గొలుసు వదలకండి. నేనైతే నవంబరు, డిసెంబరే ఎంచుకుంటాను. తేలినీలాపురం పక్షుల దగ్గరికి మాత్రం చిన్నిని తీసుకెళ్లలేదు, ఒకరం కార్లో దానితో కూర్చుంటే ఇంకొకరం చూసొచ్చాం.

ఇక రెండో దారి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా వెళ్లే 216వ నంబరు హైవే దాదాపు 390 కిలోమీటర్లు, అందులో చాలా భాగం సముద్రం కంటికి కనపడదు. కనపడేది కొబ్బరితోటలు, కాలవలు, వరిచేలు, రొయ్యల చెరువులు. చూడ్డానికి కడుపు నిండిపోతుంది, కాకినాడ కాజా నుంచి బందరు లడ్డూ దాకా తినడానికీ అంతే. కానీ కుక్కని దింపాలంటే చోటేది? ఒక పక్క కాలవ, ఇంకో పక్క చెరువు గట్టు, వెనకాల లారీ హారను. ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ప్రతి సెంటర్లోనూ వీధికుక్కల గుంపు, చిన్ని కిటికీలోంచి మొరిగీ మొరిగీ అలిసిపోయింది. కోరింగ అభయారణ్యంలోకి పెంపుడు కుక్కతో వెళ్లే వీల్లేదు. ఒక్క మేలుంది: కొబ్బరితోటల నీడ. మధ్యాహ్నం ఎండలో ఇసుక కాళ్లు కాలుస్తుంటే ఉత్తరం వైపు మేం కార్లోనే కూర్చున్నాం, ఇక్కడ తోటలో హాయిగా పడుకుంది.

సఖినేటిపల్లి దగ్గర పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటడం మాత్రం మర్చిపోలేను. ఇంజను మోగగానే చిన్ని ఒణికిపోయింది, గట్టిగా హత్తుకుంటే దాని గుండె నా అరచేతికి తెలుస్తోంది. పక్కనున్న పెద్దావిడ "భయపడకమ్మా, ఐపోయింది, ఒడ్డొచ్చేసింది" అని దానితోనే మాట్లాడింది.

బస సంగతి రెండు దారుల్లోనూ తలనొప్పే. ఒక ఊళ్లో లాడ్జివాళ్లు ఫోన్లో సరేనన్నారు, రాత్రి తొమ్మిదింటికి కౌంటరు దగ్గర కుదరదన్నారు. పెద్ద టెన్షన్. అప్పట్నుంచి కుక్క ఫొటో పంపి, సరేనని మెసేజ్ తీసుకున్నాకే బయల్దేరుతున్నాను. ఉత్తరం వైపు ఇంకో వెసులుబాటుంది, గది దొరక్కపోతే శ్రీకాకుళమో విశాఖో హైవే మీద త్వరగా చేరిపోవచ్చు. రేబిస్ టీకా కార్డు దగ్గరుంచుకోండి, రోజూ రాత్రి చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి.

మూడు రోజులే ఉంటే భీమిలి నుంచి బారువ. వారం ఉండి, కుక్క జనానికీ హారన్లకీ అలవాటుపడి ఉంటే అప్పుడు కోనసీమ వెళ్లండి, నరసాపురం దాకా నిదానంగా తిరిగి, మిగిలిన రోజులన్నీ బాపట్ల పక్కన సూర్యలంకలో ఇసుక మీద దానికే వదిలేయండి.