స్టార్ట్ అనాలా, కమెన్స్ అనాలా?

డిక్షనరీలో రెండింటికీ అర్థం 'మొదలుపెట్టడం' అనే ఉంటుంది. కానీ ఒకదాని బదులు ఇంకొకటి వాడితే వాక్యం ఎబ్బెట్టుగా తయారవుతుంది.

స్టార్ట్ పాత ఇంగ్లీషు మాట. కమెన్స్ ఫ్రెంచి నుంచి వచ్చింది. 1066లో ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పాలనలో, కోర్టుల్లో ఫ్రెంచి మాటలు చేరాయి. ఆ దర్జా ఇప్పటికీ పోలేదు. మనకు 'మొదలు'కీ 'ప్రారంభం'కీ ఉన్న తేడా లాంటిదే ఇది. ఇంట్లో గొడవ మొదలవుతుంది గానీ ప్రారంభం కాదు కదా!

కాబట్టి చట్టం, ఒప్పందం, పరీక్ష నోటీసు అయితే కమెన్స్ బాగుంటుంది. స్నేహితుడికి మెసేజ్ పెడుతూ 'డిన్నర్ కమెన్స్ చేద్దాం' అంటే వాడు నవ్వుతాడు. ఆఫీసు మెయిల్‌కి కూడా నా ఓటు స్టార్ట్‌కే. పెద్ద మాట వాడితే మర్యాద పెరుగుతుందనుకోవడం ఉత్త భ్రమ.

దర్జా సంగతి అలా ఉంచితే, అర్థంలోనూ తేడా ఉంది. ఇంజిన్‌ని, కారుని స్టార్ట్ చేస్తాం, కమెన్స్ చేయం. కొత్త వ్యాపారం పెట్టడానికీ స్టార్టే. ఉలిక్కిపడటానికి కూడా స్టార్ట్ అనే వాడతారు, అది దాని పాత అర్థానికి (ఎగిరి దూకడం) దగ్గర. ఇన్ని పనులు కమెన్స్ చేయలేదు. పైగా అమెరికా యూనివర్సిటీల్లో కమెన్స్‌మెంట్ అంటే పట్టాలిచ్చే వేడుక: చదువు ముగిసిన రోజుకి 'మొదలు' అని పేరు!