కోతి ముఖాన్ని గుర్తుపట్టిందా? తేల్చడానికి చూపు లెక్క మేలా, జత కలపడం మేలా?

"ఈ ముఖం నీకు తెలుసా?" అని కోతినో చింపాంజీనో అడగలేం. అందుకే ప్రయోగశాలల్లో ముఖ్యంగా రెండు పద్ధతులు నడుస్తున్నాయి. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి దేన్ని ఎంతసేపు చూసిందో కొలవడం మొదటిది. ముందు ఒక ఫోటో చూపించి, ఆ తర్వాత వచ్చే రెండింటిలో దానికి సరిపోయేదాన్ని ముట్టుకోవడం నేర్పడం రెండోది. మొదటిది విఫలమైతే చేతికి ఏమీ రాదు. రెండోది విఫలమైతే తప్పుడు జవాబు మంచి మార్కులతో వస్తుంది. ఖర్చు, సమయం కన్నా ముందు ఈ తేడానే చూసుకోవాలి.

చూపు పద్ధతికి శిక్షణ అక్కర్లేదు. ఒక ముఖాన్ని తెర మీద పెట్టి, జంతువు దాన్ని చూసిన సమయమంతా కలిపి 20 నుంచి 30 సెకన్లు అయ్యేదాకా ఉంచుతారు. కొన్ని సెకన్లు తెర ఖాళీగా వదిలి, అదే ముఖాన్ని ఒక కొత్త ముఖం పక్కన 5 సెకన్లు చూపిస్తారు. తర్వాత ఎడమ, కుడి మార్చి మరో 5 సెకన్లు. మొత్తం చూపులో కొత్త ముఖం వాటా 50 శాతాన్ని స్పష్టంగా దాటితే పాతది గుర్తున్నట్టు. ఎడమ కుడి మార్చడం మానేస్తే లెక్క పనికిరాదు, ఎందుకంటే కొన్ని జంతువులు ఫోటోతో సంబంధం లేకుండా ఒక పక్కకే చూస్తుంటాయి. వీడియో చూసి సెకన్లు లెక్కపెట్టేవారికి ఏ ఫోటో ఏ పక్కనుందో తెలియకూడదు. ఐ ట్రాకర్ (కంటి చూపు ఎక్కడ నిలిచిందో నమోదు చేసే పరికరం) ఉంటే ఈ బాధ తగ్గుతుంది, కళ్ల మీదా నోటి మీదా ఎంతసేపు నిలిచిందో కూడా తెలుస్తుంది. దానికి జంతువు తల కదలకుండా ఉండాలి. పండ్లరసం గొట్టాన్ని నోటికి అందేలా అమర్చితే చింపాంజీలాంటి తోకలేని వానరాలు (ఏప్) తమంతట తామే అక్కడ నిలబడతాయి.

1998లో పరిశోధకులు పాస్కాలిస్, బాషెవాలియే ఈ పద్ధతితోనే, రీసస్ కోతులు కోతి ముఖాల్లోనూ మనుషులు మనిషి ముఖాల్లోనూ తేడా పట్టగలరని చూపించారు. 2008లో జపాన్‌లో సుగిత కోతిపిల్లలను 6 నుంచి 24 నెలలు ఏ ముఖమూ కనబడకుండా పెంచి, అప్పటికీ అవి మనిషి ముఖాలనూ కోతి ముఖాలనూ వేరుచేయగలవని తేల్చారు. ఆ తర్వాత ఒక నెల ఏ రకం ముఖాలు చూపిస్తే ఆ రకంలోనే నేర్పు మిగిలింది. ఇలాంటి ప్రశ్నకు జత కలిపే పద్ధతి పనికిరాదు: వందల సార్లు ముఖాలు చూపించి ఇచ్చే శిక్షణే, ఆ పిల్లకు లేకుండా చేయాలనుకున్న అనుభవం అయిపోతుంది.

అయితే కొత్తదాన్నే ఎక్కువ చూస్తుందన్న నియమం అన్నిచోట్లా నిలవదు. 2023లో ఎడిన్‌బరో, బెల్జియం, జపాన్‌లలోని చింపాంజీలూ బొనోబోలూ (చింపాంజీకి దగ్గరి జాతి) అపరిచితుల కన్నా ఒకప్పటి గుంపు సభ్యుల ఫోటోలనే ఎక్కువసేపు చూశాయి. లూయీజ్ అనే బొనోబో అప్పటికి తన అక్కచెల్లెల్ని చూసి 26 ఏళ్లు దాటింది. ఫ్రాన్స్‌లోని రొకమదూర్‌లో బార్బరీ కోతుల్లో పెద్దవి మాత్రం అపరిచిత ముఖాలను ఎక్కువ చూశాయి, పిల్లల్లో ఆ తేడా కనబడలేదు. అందుకని ఏ వైపు మొగ్గుతుందో ముందే రాసిపెట్టుకోవాలి. ఫలితం వచ్చాక అర్థం చెప్పుకుంటే ఏ అంకెకైనా ఒక కథ దొరుకుతుంది. 50 శాతం దగ్గర ఆగితే మరచిపోయిందో, విసుగెత్తిందో, రెండూ సమానంగా నచ్చాయో తేలదు.

ఇక జత కలపడం. నమూనా ఫోటో తెర మధ్యలో వస్తుంది. చూడకుండా దాటేయకుండా దాన్ని రెండు మూడుసార్లు ముట్టుకోవాలన్న నియమం పెడతారు. తర్వాత రెండు ఫోటోలు. సరైనది ముడితే తిండి గుళిక, తప్పైతే కొన్ని సెకన్లు నల్లతెర. ముందు ఆకారాలతో, తర్వాత అచ్చంగా అదే ఫోటోతో, చివరగా అదే వ్యక్తి వేరే ఫోటోతో. ఈ మూడో మెట్టే అసలు పరీక్ష, ఎందుకంటే మొదటి రెండింటిలో ముఖం అక్కర్లేకుండానే నెగ్గవచ్చు. 2000లో లీసా పార్ బృందం పరీక్షలో చింపాంజీలు ఈ మెట్టును మొదటి విడతలోనే దాటాయి, రీసస్ కోతులకు ఆ కొత్త ముఖాలను పలుమార్లు చూపించాల్సి వచ్చింది. 20 ప్రయత్నాల్లో కనీసం 15 సరిగా ఉండాలి. ఊరకే తడిమినా 14 లేదా అంతకు మించి రావడానికి దాదాపు 6 శాతం అవకాశం ఉంది, 15కి అది 2 శాతానికి పడిపోతుంది. ఫోటోలు తక్కువై అవే తిరిగి తిరిగి వస్తే, జంతువు ముఖాన్ని వదిలేసి "ఈ ఫోటోకి గుళిక" అని బట్టీ పడుతుంది.

మంచి మార్కులతో వచ్చే తప్పు ఎలా ఉంటుందో చూడండి. 1999లో పార్, డి వాల్ తల్లి చింపాంజీ ఫోటోకి కొడుకు ఫోటోను చింపాంజీలు జతచేశాయనీ, కూతురి ఫోటోను చేయలేకపోయాయనీ ప్రకటించారు. 2004లో అవే ఫోటోలతో మనుషులనూ, చిత్రపు చుక్కలను (పిక్సెళ్లను) మాత్రమే పోల్చే కంప్యూటర్ విశ్లేషణనూ పరీక్షిస్తే అదే ఫలితం వచ్చింది. కొడుకుల సెట్‌లోనూ కూతుళ్ల సెట్‌లోనూ ముఖాలు చట్రంలో అమరిన తీరు వేరు. ముఖం దగ్గరికి బిగించి కత్తిరించేసరికి ఆ తేడా మాయమైంది. ఆ వ్యాసం రాసినవారిలో పార్, డి వాల్ కూడా ఉన్నారు, అది మెచ్చుకోదగ్గ విషయం. కాబట్టి వెనకభాగం, జుట్టు అంచు, వెలుతురు, చట్రం సమం చేయని జత పరీక్షను నమ్మకండి. తలకిందులు చేసిన ఫోటోలు కూడా కలపండి: 1998లో పార్ బృందం చేసిన పరీక్షలో చింపాంజీలు తలకిందులైన చింపాంజీ, మనిషి ముఖాల దగ్గర తడబడ్డాయి కానీ కపుచిన్ కోతుల ముఖాల దగ్గరా కార్ల దగ్గరా అలా తడబడలేదు.

హావభావాల విషయానికొస్తే జత కలపడమే మేలు. సూటిగా చూడడం రీసస్ కోతికి బెదిరింపు. బెదిరించే ముఖాన్ని అది గుర్తుపట్టినా పట్టకపోయినా కళ్లప్పగించి చూస్తుంది, లేదా చూపు తిప్పేసుకుంటుంది, అక్కడ సెకన్లు ఏమీ చెప్పవు. జతలో నమూనా ఒక జంతువుది, రెండు జవాబులు వేరే జంతువులవి కావాలి, లేకపోతే అది భావాన్ని వదిలేసి వ్యక్తిని జతచేస్తుంది. తప్పు జవాబుగా మామూలు ముఖం పెడితే పళ్ల తెలుపు ఒక్కటే చూసి నెగ్గుతుంది, అందులోనూ పళ్లు కనబడేలా చూడాలి. చింపాంజీల ముఖ కండరాల కదలికలకు 2007లోనూ రీసస్ కోతులకు 2010లోనూ ఒక్కో కదలికకు ఒక్కో అంకె ఇచ్చే పట్టికలు వచ్చాయి. చింపాంజీ పళ్లికిలించడం 10+12+16+25, దానికే నోరు బార్లా తెరిచే 27 కలిపితే కీచుమనే ముఖం. ఆ రెంటినీ ఒకే పరీక్షలో ఎదురెదురుగా పెడితే అది దేన్ని చూసి నిర్ణయిస్తోందో బయటపడుతుంది.

ఊళ్లలోనో గుడి దగ్గరో తిరిగే కోతులకు జత పరీక్ష కుదరదు. రొకమదూర్‌లో లాగా అచ్చువేసిన ఫోటో చూపించి చూపు కొలవడమే దారి. ఫోటోలో కళ్లు పక్కకు తిరిగి ఉండాలి, చూపించే మనిషి ముఖం కనబడకూడదు, తిండి ఉన్న సంచి దూరంగా ఉండాలి. ఒకే కోతికి రెండుసార్లు చూపించకుండా, చెవి చిరుగు, మచ్చ లాంటి ఆనవాళ్లతో ప్రతిదాన్నీ ముందే రాసుకోవాలి.