ట్రెక్కింగ్ బ్యాగు ఉతకాలంటే మిషనా, తొట్టా, తడిగుడ్డా: ఏది మేలు?

తిరుమల అడవిలో ఉన్న తుంబురు తీర్థం ముక్కోటి ఉత్సవానికి పోయొచ్చిన మర్నాడు బ్యాగు జిప్పు తీస్తే ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు. ఫాల్గుణ పౌర్ణమి ఎండలో పాపవినాశనం నుంచి బండల మీద ఎక్కుడూ దిగుడూ, చెమటకు కొదవలేదు. దానికి తోడు పులిహోర డబ్బా మూత ఊడి అడుగంతా నూనె, పసుపు. భుజం పట్టీల మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టింది.

"మిషన్‌లో పడేయ్, అదే పోతుంది" అంది మా ఆవిడ. "నా చీరలతో కలిపి మాత్రం వద్దు" అని వెంటనే ఇంకో మాట.

ఆ పని పాత బ్యాగుతో ఒకసారి చేసి అనుభవించినవాణ్ణి. మాది పైనుంచి బట్టలు వేసే మిషన్. పట్టీలు ఒకదానికొకటి మెలికపడి, నడుం పట్టీ బకిల్ పుటుక్కుమని విరిగింది. అసలు గొడవ నీళ్ళు పిండేటప్పుడు. ఇలాంటి బ్యాగుల్లో లోపలివైపు మెరుస్తూ ఉండే పల్చటి పాలీయురేథేన్ పూత ఉంటుంది, వానకు అడ్డం అదే. ఆ పూత వల్ల నీళ్ళు బయటికి పోక బ్యాగు తిత్తిలా ఉబ్బింది. బరువంతా ఒక పక్కకు చేరి, మిషన్ దడదడలాడుతూ బాత్రూంలో మూరెడు జరిగింది. ఆరాక లోపల చెయ్యి పెడితే వెల్లుల్లి పొట్టులాగా పూత లేచి వచ్చింది. తర్వాత తలకోనలో చిన్న జల్లు పడితే చాలు, లోపలి తువ్వాలు తడిసి ముద్దయింది.

పూత లేని కాలేజీ బ్యాగయితే నెట్ సంచిలో పెట్టి, చన్నీళ్ళలో, పిండకుండా తిప్పుకోవచ్చు, కొంపేమీ మునగదు. నలభై లీటర్ల కొండబ్యాగుకు మాత్రం ఆ దారి వద్దంటాను. డ్రైక్లీనింగ్‌కూ వేయకండి, ఆ రసాయనాలు పూతకు పడవు.

తడిగుడ్డ సంగతి వేరు. శ్రీవారిమెట్టు ఎక్కి దిగిన రోజుకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. బ్యాగు బోర్లించి దులిపి, మట్టి పూర్తిగా ఎండాక బ్రష్ కొట్టి (తడిమట్టిని రుద్దితే బట్టలోకి ఇంకా దిగుతుంది), జిప్పు పళ్ళ మధ్య ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో తీస్తే సరి. చెమట ఉప్పుకు సబ్బే అవసరం లేదు, పట్టీల మీద రెండు చెంబుల మంచినీళ్ళు పోస్తే కరిగిపోతుంది. ఇంత సులువైన పనిని మనం ఎందుకు బద్ధకిస్తామో! అయితే వీపుకు ఆనే స్పాంజి లోపల దిగిన కంపు, అడుగున అంటిన నూనె గుడ్డకు లొంగవు.

అందుకే ఈసారి తొట్టి దించాను. ముందు రోజు రాత్రి పది పన్నెండు కుంకుడుకాయలు గింజ తీసి వేడినీళ్ళలో నానబెట్టాను. పొద్దున పిసికి, పాత పంచెలో వడగట్టాను. వడకట్టడం మాత్రం మానకండి, పిప్పి జిప్పులో ఇరుక్కుంటే దాన్ని తియ్యడం ఇంకో పని. గాఢమైన బట్టల పౌడరు పూతనూ, పైబట్ట మీద నీటిని జారనిచ్చే గుణాన్నీ దెబ్బతీస్తుంది. బట్టలసబ్బేమో మా బోరు ఉప్పునీళ్ళలో నురగకు బదులు తెల్లటి మడ్డి కడుతుంది. కుంకుడురసం ఈ నీళ్ళలోనూ నురగ ఇస్తుంది. లేత రంగు బ్యాగయితే ఓ మూల రాసి చూసుకోండి, గోధుమరంగు అంటొచ్చు.

వీపు వైపున్న అల్యూమినియం పట్టీ లాగేసి, జిప్పులన్నీ తెరిచి, గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టాను. స్పాంజిని రెండు అరచేతులతో నొక్కితే కాఫీ డికాషన్‌లాంటి నీళ్ళు వచ్చాయి. నాలుగోసారికి గానీ తేటపడలేదు. మెలిపెట్టి పిండకూడదు, నొక్కి వదలాలి.

పసుపు మరక దగ్గర మా అత్త అడ్డుపడింది. "ఇట్లా కాదు నాయనా" అంటూ బట్టలసబ్బు రుద్దింది. మరక కాస్తా ఎర్రగా తిరిగింది! సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుంది, పారాణి కలిపేటప్పుడు సున్నం వేస్తే జరిగేదీ ఇదే. కడిగితే మళ్ళీ పసుపే. పసుపును నిజంగా విరిచేది ఎండ. ఆ ఎండే నైలాన్‌కు పడదు, రోజుల తరబడి తగిలితే బట్ట బలం పోతుంది. మధ్యేమార్గంగా మరకున్న లోపలి భాగం మాత్రం పైకి తిప్పి గంటసేపు ఎండ చూపించి, మిగతాదంతా మిద్దె మీద వాటర్ ట్యాంకు నీడలో దండేనికి తలకిందులుగా వేలాడదీశాను. మార్చి కాబట్టి సాయంత్రానికి బట్ట ఆరింది, స్పాంజికి మర్నాడు మధ్యాహ్నం పట్టింది. ఇదే నవంబరు ముసుర్లో చేసుంటే మూడు రోజులైనా ఆరక బూజు పట్టేది. వానాకాలం మొత్తం తడిగుడ్డతోనే నెట్టుకొచ్చి, ఏడాదికోసారి ఎండాకాలం ముందు తొట్టి దించితే చాలు.

మీ బ్యాగు లోపల ఇప్పటికే జిగటగా చేతికి అంటుకుంటుంటే ఈ శ్రమంతా దండగ. తేమకు, వయసుకు పూత విరిగిపోతోందన్నమాట. ఏ రసమూ దాన్ని తిరిగి తేలేదు.

నా బ్యాగులో కంపు పోయింది. అడుగున అరచేతి మేర పసుపు నీడ మిగిలింది. పులిహోర వాసన కూడా ఏ కాస్తో ఉందేమో, ఆరేసిన రాత్రి ఎలుక వచ్చి ఒక మూల కొరికి చూసి పోయింది.