ఆఫీసుకు సైకిలా, స్కూటీయా? నల్లగొండలో ఏది మేలు?

స్కూటీని ఇంట్లోవాళ్లకు వదిలేసి నేను సైకిల్ ఎక్కినప్పటి నుంచి, కనబడ్డవాళ్లంతా అడిగేది ఒక్కటే: "పెట్రోలు ఎంత మిగులుతుంది సార్?"

పెద్దగా ఏం మిగలదు. ఆఫీసు నాలుగు కిలోమీటర్లుంటే రానూపోనూ ఎనిమిది. 26 డ్యూటీ రోజులకు 208 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి ఐదు లీటర్లు కూడా పట్టదు. అంటే నెలకు దాదాపు ఐదొందలు. బండి ఇంట్లోనే ఉంటే దాని ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పదు. కాబట్టి డబ్బు కోసమే అయితే సైకిల్ కొనకండి.

నా లెక్కలో తేల్చేది ఒళ్లు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాలుగు కిలోమీటర్లు తాపీగా తొక్కినా పావుగంట, ఇరవై నిమిషాలు. రెండు పూటలా, వారానికి ఐదు రోజులైతే కోటా పూర్తయినట్టే. అదే దూరానికి స్కూటీ మీద పది నిమిషాలు. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్ ఆగితే ఎవరైనా ఆగాల్సిందే. పొద్దున్నే బండి మీద ఎన్జీ కాలేజీ గ్రౌండుకు పోయి, నాలుగు రౌండ్లు నడిచి, మళ్లీ బండి మీదే ఇంటికి వచ్చేవాళ్లు మనలో తక్కువేం లేరు. అదీ మంచిదే. కాకపోతే వాకింగ్ ఎగ్గొట్టడానికి వంద సాకులు దొరుకుతాయి, డ్యూటీ ఎగ్గొట్టలేం కదా.

మోకాళ్లు నొప్పి పుడతాయని భయపడేవాళ్లు ముందు సీటు చూసుకోండి. రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆనేలా కిందికి దించుకుంటే తొక్కేటప్పుడు మోకాలు మరీ మడత పడి నొప్పి వస్తుంది. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ పెడితే కాలు చక్కగా చాపినట్టు ఉండాలి. షాపులో స్పానర్ అడిగి అక్కడే సరిచేయించుకోండి.

స్కూటీ గెలిచేది ఎండల్లో. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊరు మనది. పొద్దున తొమ్మిదిన్నరకు చురుక్కుమన్నా పావుగంటే కాబట్టి తట్టుకోవచ్చు. బ్యాగులో ఇంకో చొక్కా, సీసాలో ఉప్పేసిన మజ్జిగ ఉంటే చాలు. కానీ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చే అలవాటుంటే ఏప్రిల్, మేలో సైకిల్ వద్దు. లేదంటే టిఫిన్ డబ్బా కట్టుకోండి. నేను డబ్బాకే ఓటేశాను.

గేర్ల సైకిల్ అడుగుతున్నారు. ఊళ్లో తిరగడానికి మడ్‌గార్డులు, క్యారియర్ ఉన్న మామూలు సైకిలే నయం. ఏ మూల షాపులోనైనా రిపేరు చేస్తారు.

షేర్ ఆటో వానరోజు సరే. మిగతా రోజుల్లో సీట్లు నిండేదాకా కదలదు. బ్యాటరీ సైకిల్ దూరం ఎక్కువున్నవాళ్లకు పనికొస్తుంది. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం అయితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

నార్కట్‌పల్లి వైపు ఉద్యోగానికి పోయేవాళ్లు మాత్రం ఆ లారీల మధ్య సైకిల్ ఆలోచన మానేసి బస్సెక్కండి. ఊళ్లోనే అయినా చీకటి పడ్డాక ఇంటికొచ్చేవాళ్లు వెనక ఎర్ర లైటు పెట్టించుకున్నాకే మొదలుపెట్టండి.