విశాఖలో ఆయిల్ పెయింటింగ్ వేయించుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

చేతితో వేసిన ఆయిల్ పెయింటింగ్ అని చెప్పి, ఫొటోను కాన్వాస్ మీద ప్రింటు తీసి, పైన బ్రష్ గీతల్లా కనిపించేలా పారదర్శకమైన జెల్ పూసి అమ్ముతున్నారు. నగరంలోని ఒక దుకాణం మమ్మల్ని ఇలాగే మోసం చేసింది.

చోడవరం దగ్గర మా ఊళ్లో నాన్నగారు ప్రాణంగా పెంచుకున్న ఒంగోలు గిత్త ఉండేది. అది పోయాక, పాక ముందు కుడితి తొట్టి పక్కన నిలబడిన దాని ఫొటో ఇచ్చి బొమ్మ వేయమన్నాం. పద్దెనిమిది వేలు తీసుకున్నారు. వారం తిరగకముందే ఫ్రేముతో సహా చేతికిచ్చారు.

ఆ వేగమే మొదటి అనుమానం. ఆయిల్ రంగుల్లో సాధారణంగా ఉండేది అవిసె నూనె. అది నీటిలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. పలుచని పూతకే కొన్ని రోజులు, మందంగా పెట్టిన తెలుపుకైతే వారాలు పడుతుంది. వారానికే పొడిగా ఉన్న ఈ బొమ్మలో నూనె వాసన అసలే లేదు.

కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో పెట్టి చూశాక సంగతి బయటపడింది. తెల్ల గిత్తను ఆయిల్‌లో వేసేవారు మూపురం మీద ఎండ పడేచోట తెలుపును దట్టంగా పెడతారు, వేలికి గట్టులా తగులుతుంది. ఇక్కడ సరిగ్గా ఆ చోటే రంగు లేదు, ఉత్త కాన్వాస్ నేత కనిపిస్తోంది. గంగడోలు మడతలు కిందికి జారుతుంటే, బ్రష్ గీతలు వాటిని అడ్డంగా దాటుకుని వెనకున్న గడ్డివాములోకి వెళ్లిపోయాయి. ఫొటో తీసినప్పుడు ఈగలు తోలుకుంటూ తోక ఊపింది కాబట్టి కుచ్చు చెదిరిపోయి పడింది. బొమ్మలోనూ అదే చెదురు, అణువంత తేడా లేదు! భూతద్దం పెడితే అన్నీ ప్రింటరు వేసిన రంగు చుక్కలే.

నిలదీస్తే ‘మిక్స్‌డ్ మీడియా’ (రకరకాల పదార్థాలు కలిపి చేసిన బొమ్మ) అన్నారు, డబ్బు తిరిగివ్వం పొమ్మన్నారు. ప్రింటును ప్రింటుగా చెప్పి, ప్రింటు ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక పెద్దాయన బెంగను సొమ్ము చేసుకోవడం మాత్రం అన్యాయం.

బిల్లు మీద ‘చేతితో వేసిన ఆయిల్ పెయింటింగ్’ అని స్పష్టంగా రాయించండి. తొలి గీతల నుంచి దశలవారీగా ఫొటోలు పంపమనండి; నిజంగా వేసేవారు సంతోషంగా పంపుతారు. ఫ్రేము బిగించకముందే అంచులూ వెనకవైపూ చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది, అక్కడ చదివిన చిత్రకారులను వాకబు చేసి నేరుగా వారికే పని ఇవ్వడం ఇంకా మేలు.

ఇప్పటికే మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. మేము ఫిర్యాదు చేశాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తున్నాం. 5 లక్షల లోపు కొనుగోళ్ల ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు. బిల్లు, వాట్సాప్ సంభాషణలు, మీరిచ్చిన అసలు ఫొటో జాగ్రత్తగా దాచి ఉంచండి.