కొత్త ఊళ్లు: మలయాలో నిలిచాయి, వియత్నాంలో కూలాయి

బ్రిటిష్ పాలనలోని మలయాలో (నేటి మలేషియాలో భాగం), దక్షిణ వియత్నాంలో కమ్యూనిస్టు తిరుగుబాటుదారులకు తిండీ కబురూ అందకుండా జనాన్ని కంచె వేసిన ఊళ్లకు తరలించడం రెండుచోట్లా జరిగింది. 1950లో మొదలైన బ్రిగ్స్ ప్లాన్ (బ్రిటిష్ సైనికాధికారి బ్రిగ్స్ వేసిన పథకం) కింద మలయాలో సుమారు 5 లక్షల మందిని, ఎక్కువగా చైనీయులను, కదిలించారు. బలవంతమే. కానీ వాళ్లలో చాలామంది అడవి అంచున పట్టా లేని భూమిలో బతికేవాళ్లు; కొత్త ఊళ్లలో కొందరికైనా భూమి హక్కు, బడి దక్కాయి. బియ్యం అడవికి చేరకుండా కొన్నిచోట్ల వండిన అన్నమే పంచారు.

దక్షిణ వియత్నాంలో 1962లో ఇదే పద్ధతిని హడావిడిగా రుద్దారు. తరతరాల పొలాలు, తాతల సమాధులు వదిలించి, కంచె పని కూడా రైతులచేతే చేయించారు. 1963 నవంబరులో అక్కడి అధ్యక్షుడు డియెమ్ ప్రభుత్వం పడిపోగానే పథకమూ కుప్పకూలింది.

నా దృష్టిలో అసలు తేడా రాజకీయానిదే. 1957లో స్వాతంత్ర్యం రావడంతో బ్రిటిష్ పాలన పోవాలన్న మలయా తిరుగుబాటుదారుల ప్రధాన వాదనే బలహీనపడింది. సైగాన్‌లోని దక్షిణ వియత్నాం పాలకులు భూసంస్కరణను కూడా మనసుపెట్టి చేయలేదు.