టెస్టు బౌలర్‌కి ఏది మేలు: వేగమా, లైనా (అంటే గురి)?

మా మేనల్లుడు ఒంగోలులో ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. టెన్నిస్ బాల్ టోర్నమెంట్లకి కందుకూరు నుంచి కావలి దాకా వాడిని పిలిపించుకునే టీములున్నాయి, యార్కర్ వేశాడంటే వికెట్లు ఎగిరిపోతాయి. అదే ఎర్ర బంతితో రెండు రోజుల మ్యాచ్ అయితే పొద్దస్తమానం వేసినా ఒకటి, మహా అయితే రెండు వికెట్లు. మొన్న ఫోన్ చేసి "ఏంది మామా, ఎంత స్పీడుగా వేసినా వదిలేస్తా ఉండారు" అని ఒకటే గొడవ.

వదిలేస్తా ఉండారు. టెస్టుల్లో చాలామంది స్పీడ్ బౌలర్లు తేలిపోయేది కూడా ఇక్కడే. టీ20లో ఆఫ్ స్టంప్‌కి జానెడు బయట పడ్డ బంతినైనా బ్యాట్స్‌మన్ ఏదో ఒకటి చెయ్యాలి, ఊరుకుంటే కుదరదు, ఆ తొందరలోనే బౌలర్‌కి వికెట్టు దొరుకుతుంది. టెస్టులో వాడికి తొందరేముంది? బ్యాట్ పైకెత్తి కీపర్‌కి పోనిస్తాడు, అవసరమైతే ఓవరంతా పోనిస్తాడు. గంటకి 150 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి కూడా ఆడక్కర్లేనప్పుడు బంతే, బౌలర్‌కి చెమట తప్ప ఇంకేం మిగలదు.

ఆస్ట్రేలియా బౌలర్లే ఇద్దరూ, స్పీడుకి పేరుపడ్డ బ్రెట్ లీనీ గురికి పేరుపడ్డ మెక్‌గ్రాత్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. వన్డేల్లో లీకి 380 వికెట్లు, మెక్‌గ్రాత్‌కి 381. సగటులో (ఒక్కో వికెట్టుకి ఇచ్చిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు) కూడా పెద్ద తేడా లేదు, 23, 22. టెస్టులకి వచ్చేసరికి లీ 76 మ్యాచ్‌ల్లో 310 వికెట్లు, సగటు 30.81, మెక్‌గ్రాత్ 124 మ్యాచ్‌ల్లో 563, సగటు 21.64. ఒక్కో వికెట్టుకి తొమ్మిది పరుగులు తేడా! ఆడింది ఒకే టీముకి. లీ తక్కువ బౌలర్ అనడం లేదు, 310 వికెట్లు ఊరికే రావు. కానీ పొడుగాటి మెక్‌గ్రాత్ ఆ ఎత్తు నుంచి 130, 135లో ఆఫ్ స్టంప్ కొసకి గురిపెట్టి అదే చోట వేస్తూ ఉంటే ఆడాలో వదలాలో తేల్చుకోలేకే చాలామంది స్లిప్‌లో దొరికిపోయారు.

ఆస్ట్రేలియా స్పీడ్ బౌలరే ఇంకొకడు, షాన్ టైట్ సంగతి ఇంకా విడ్డూరం. 2010లో లార్డ్స్ వన్డేలో గంటకి 161 కిలోమీటర్లు దాటించాడు, కెరీర్ మొత్తమ్మీద ఆడిన టెస్టులు 3, వికెట్లు 5. మన స్పీడ్ బౌలర్ వరుణ్ ఆరోన్‌కి 9 టెస్టుల్లో 18 వికెట్లు, సగటు 52 పైనే. అంత వేగం లేని భువనేశ్వర్‌కి 21 టెస్టుల్లో 63, సగటు 26.

ఒంటి సంగతి కూడా ఉంది. టీ20లో నాలుగు ఓవర్లు వేసి పక్కకి పోవచ్చు, టెస్టులో కొత్త బంతి మళ్ళీ చేతికి రావాలంటే 80 ఓవర్లు ఆగాలి, ఈలోపు మెత్తబడిన బంతితో మూడో స్పెల్, నాలుగో స్పెల్ (స్పెల్ అంటే ఒక విడతలో వేసే ఓవర్లు) వెయ్యాలి. మే నెల ఒంగోలు ఎండలో ఒక్క పూట వేసి చూస్తే తెలుస్తుంది ఆ బాధ.

అలాగని లైన్ ఒక్కటే ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. వేగం తక్కువైనా రంజీల్లో కర్ణాటకకి కుప్పలుగా వికెట్లు తీసిన వినయ్ కుమార్‌ని 2012లో పెర్త్‌లో ఆడించారు, ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఓపెనర్ వార్నర్ 180 బాదాడు, వినయ్‌కి మళ్ళీ టెస్టు రాలేదు. బంతి స్వింగ్ కాకపోతే ఆ వేగం మీద బ్యాట్స్‌మన్‌కి కావలసినంత టైముంటుంది.

ఇక ఆస్ట్రేలియా స్పీడ్ బౌలర్ మిచెల్ జాన్సన్. ఒకప్పుడు బంతి ఎటు పోతుందో తనకే తెలియదని ఇంగ్లండ్ అభిమానులు స్టాండ్స్‌లో పాటలు కట్టి ఏడిపించారు. అదే జాన్సన్ 2013-14లో ఇంగ్లండ్‌తో ఆడిన యాషెస్ టెస్టు సిరీస్‌లో 37 వికెట్లు తీశాడు, సగటు 13.97. కెప్టెన్ క్లార్క్ అతనితో చిన్న చిన్న స్పెల్స్ వేయించాడు, బంతి కూడా చెప్పిన మాట విన్నది. అంటే వేగానికి గురి తోడైతే మెక్‌గ్రాత్ దారి కంటే భయంకరంగా ఉంటుంది, కాకపోతే ఆ రెండూ ఒకచోట కలవడం అరుదు. బుమ్రాకి కలిశాయి, 200 టెస్టు వికెట్లు పూర్తయ్యేనాటికి కూడా సగటు 20 లోపే.

అందుకే నన్నడిగితే టెస్టుకి ముందు లైనే మేలు. కాకపోతే 140 వేసేవాడిని 130కి తగ్గించమనడం మాత్రం పాపం, ఉన్న వేగాన్ని ఉంచుకునే గురి నేర్చుకోవాలి. మావాడికి అదే చెప్పాను, పిచ్ మీద గుడ్ లెంగ్త్‌లో ఒక పాత చెప్పు పెట్టుకుని రోజూ ముప్పై బంతులు వెయ్యమన్నాను. మొదటి రోజు నాలుగు తగిలాయంట. వాడికి మాత్రం ఇంకా జాన్సనే కావాలి.